మే నెలలో జెల్ పోయడం: రంధ్రాల సంగతి

బయట 40 డిగ్రీలు దాటిన మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, ప్రొటీన్లను కరెంటు పెట్టి విడదీయడానికి వాడే పాలీఅక్రిలమైడ్ జెల్‌ను పుస్తకంలో ఉన్న కొలతలతోనే కలిపితే ఒక్కోసారి రెండో ప్లేటు నింపేలోపే బీకరులో ద్రావణం చిక్కబడిపోతుంది. అవే కొలతలు డిసెంబరు పొద్దున వాడితే ఎంతసేపటికీ గట్టిపడదు. తిరుపతి, చిత్తూరు ల్యాబుల్లో దీన్ని చాలామంది టైము సమస్యగానే చూస్తారు. ఎండాకాలం చెయ్యి వేగంగా ఆడాలి, చలికాలం ఓపిక పట్టాలి, అంతే అనుకుంటారు. కానీ జెల్ ఎంత వేగంగా, ఎంత వేడిలో గట్టిపడిందో దాన్ని బట్టే లోపలి గొలుసుల పొడవు, వాటి మధ్య మిగిలే రంధ్రాల తీరు ఉంటాయి. బ్యాండ్లు, అంటే జెల్‌లో ప్రొటీన్లు ఆగిన గీతలు, వంకర పోవడం, చారలు కట్టడం, నిన్న ఒకచోట ఆగిన ప్రొటీన్ ఇవాళ ఇంకోచోట ఆగడం లాంటి వాటిలో చాలావరకు కారణం కరెంటు పెట్టకముందే, పోతలోనే పడి ఉంటుంది. అందుకే ఈ పోస్టులో రన్ గురించి, అంటే కరెంటు పెట్టి నడపడం గురించి తక్కువ, పోత గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు జెల్ ఎందుకో చూద్దాం. 1937లో టిసేలియస్ ప్రొటీన్లను ద్రవంలోనే కరెంటు పెట్టి విడదీశాడు. దానికీ, దానితో సీరం ప్రొటీన్ల మీద చేసిన పనికీ 1948లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ద్రవంలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, కరెంటు పారితే వేడి పుడుతుంది, వేడికి ద్రవం కదులుతుంది, విడిపోయినవి మళ్ళీ కలిసిపోతాయి. ద్రవాన్ని సన్నని రంధ్రాల్లో బంధిస్తే ఆ కదలిక ఆగుతుంది. అది ఆధార పదార్థం చేసే మొదటి పని. 1955లో స్మితీస్ పిండిపదార్థంతో జెల్ పోశాక రెండో పని బయటపడింది. రంధ్రాలు అణువు సైజుకు దగ్గరగా ఉంటే జెల్ జల్లెడలా కూడా పనిచేస్తుంది. 1957లో కోన్ సెల్యులోజ్ ఎసిటేట్ పొరను వాడాడు, 1959లో రేమండ్, వైన్‌ట్రాబ్ పాలీఅక్రిలమైడ్ తెచ్చారు, 1961లో యెర్టేన్ అగరోజ్ తెచ్చాడు. మనం ఇవాళ్టికీ వాడుతున్నవి ఈ చివరి మూడే.

ఏది ఎప్పుడు వాడాలో తేల్చేది రంధ్రమే. ఆల్బుమిన్ అణువు నీళ్ళలో సుమారు 7 నానోమీటర్ల వెడల్పు ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. 1 శాతం అగరోజ్‌లో రంధ్రాలు వంద నానోమీటర్లకు పైమాటే. కాబట్టి ఆల్బుమిన్‌కు అక్కడ అడ్డే లేదు, ఛార్జీని బట్టే పోతుంది. సెల్యులోజ్ ఎసిటేట్ కూడా అంతే. ఆస్పత్రి ల్యాబుల్లో సీరం ప్రొటీన్లను ఆల్బుమిన్, ఆల్ఫా 1, ఆల్ఫా 2, బీటా, గామా అని విడదీయడానికి ఈ రెండూ సరిపోయేది అందుకే. అక్కడ మనకు కావలసింది ఛార్జీ తేడా, సైజు తేడా కాదు. పాలీఅక్రిలమైడ్‌లో రంధ్రాలు కొన్ని నానోమీటర్లే. ప్రొటీన్ ప్రతి అడుగులోనూ గోడలకు రాసుకుంటూ పోవాలి. సైజును బట్టి విడదీయాలంటే అదే దిక్కు. డీఎన్ఏ ముక్కలు వేల బేస్ జతల పొడవుంటే అగరోజ్, వందలోపు అయితే అక్రిలమైడ్.

ఇక కొలతలు. అక్రిలమైడ్ జెల్‌ను రెండు అంకెలు నిర్ణయిస్తాయి. ఒకటి టీ శాతం, అంటే 100 మిల్లీలీటర్లలో అక్రిలమైడ్, బిస్ (బిస్‌అక్రిలమైడ్) రెండూ కలిపి ఎన్ని గ్రాములు ఉన్నాయన్నది. రెండోది సీ శాతం, ఆ మొత్తంలో బిస్ వంతు ఎంత అన్నది. అక్రిలమైడ్ పొడవాటి గొలుసులు కడుతుంది, బిస్ వాటిని అడ్డంగా ముడి వేస్తుంది. టీ పెంచేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది, ఇది అందరికీ తెలుసు. సీ సంగతి అంత సూటిగా ఉండదు. సున్నా నుంచి పెంచుకుంటూ పోతే రంధ్రం తగ్గుతూ వచ్చి సుమారు 5 శాతం దగ్గర అన్నిటికంటే చిన్నదవుతుంది. అది దాటి పెంచితే ముడులు ఒకచోట గుంపు కట్టి, మధ్యలో పెద్ద ఖాళీలు మిగిలి, రంధ్రం మళ్ళీ పెద్దదవుతుంది. జెల్ కూడా తెల్లగా మసకబారి, ముట్టుకుంటే విరుగుతుంది. ప్రొటీన్లకు మామూలుగా వాడే స్టాక్, అంటే ముందే గాఢంగా కలిపి ఉంచే ద్రావణం, 29.2 గ్రాముల అక్రిలమైడ్, 0.8 గ్రాముల బిస్, నీళ్ళు పోసి 100 మిల్లీలీటర్లు. అంటే 30 శాతం టీ, 2.67 శాతం సీ. 29కి 1 వంతున కలిపే స్టాక్ 3.3 శాతం సీ. రెండు సీసాలూ ఒకే ఫ్రిజ్‌లో "30 శాతం అక్రిలమైడ్" అనే ఒకే లేబుల్‌తో ఉంటాయి. నిన్న ఒక సీసా, ఇవాళ ఇంకో సీసా వాడితే ప్రొటీన్ ఆగే చోటు మారుతుంది. లేబుల్ మీద సీ కూడా రాయండి, తేదీ కూడా రాయండి.

పొడి తూచి కలపడం కంటే రెడీమేడ్ 30 శాతం ద్రావణం కొనడమే నా ఓటు. అక్రిలమైడ్ నరాలకు విషం, చర్మం గుండా లోపలికి పోతుంది, ప్రభావం పేరుకుంటుంది. పొడి గాల్లోకి లేస్తుంది, ఫ్యాను కింద అస్సలు తూచకూడదు. తప్పదంటే మాస్కు, నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, ఫ్యూమ్ హుడ్‌లో తూచాలి. నీళ్ళు పోశాక బీకరు చల్లబడుతుంది, పట్టుకుంటే గ్లవ్ మీదుగా కూడా తెలుస్తుంది. కరగడానికి అది వేడిని లాక్కుంటుంది కాబట్టి త్వరగా కరగదు. ఆ తొందరలో హాట్‌ప్లేట్ మీద పెడతారు. పెట్టొద్దు, స్టిర్రర్ మీద వదిలేస్తే చాలు. కరిగాక 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, ముదురు రంగు సీసాలో 4 డిగ్రీల దగ్గర పెట్టాలి. పాతబడిన స్టాక్‌లో అక్రిలమైడ్ కొంత అక్రిలిక్ ఆమ్లంగా మారుతుంది. దానికి నెగటివ్ ఛార్జీ ఉంటుంది, అది గొలుసులో కలిసిపోయి జెల్ గోడలకే ఛార్జీ పెడుతుంది. అప్పుడు జెల్‌లోని నీళ్ళు కూడా కరెంటుకు కదలడం మొదలుపెడతాయి. బ్యాండ్లు నిలువుగా సాగడం చూసి శాంపిల్‌ను తిట్టుకుంటాం.

లెమ్లీ 1970లో ప్రచురించిన పద్ధతిలో ఒక మినీ జెల్‌కు 10 మిల్లీలీటర్ల కింది జెల్ (ప్రొటీన్లు విడిపోయే భాగం), 12 శాతంది కావాలంటే ఇవీ కొలతలు: నీళ్ళు 3.3 మిల్లీలీటర్లు, 30 శాతం స్టాక్ 4.0, 1.5 మోలార్ ట్రిస్ (పీహెచ్‌ను నిలిపే బఫర్) పీహెచ్ 8.8ది 2.5, 10 శాతం ఎస్‌డీఎస్ (సోడియం డొడెసిల్ సల్ఫేట్, ప్రొటీన్లను విప్పి నెగటివ్ ఛార్జీ పూసే డిటర్జెంట్) 0.1, 10 శాతం అమోనియం పర్‌సల్ఫేట్ 0.1, టెమెడ్ 4 మైక్రోలీటర్లు. 15 శాతం కావాలంటే నీళ్ళు 2.3, స్టాక్ 5.0, మిగతావన్నీ అవే. ఏ శాతం దేనికన్నది సుమారుగా ఇలా గుర్తుపెట్టుకోవచ్చు: 15 శాతంలో 12 నుంచి 43 కిలోడాల్టన్ల (ప్రొటీన్ అణువు బరువు కొలత) ప్రొటీన్లు బాగా విడిపోతాయి, 10 శాతంలో 16 నుంచి 68, 7.5 శాతంలో 36 నుంచి 94, 5 శాతంలో 57 నుంచి 212.

ఈ కొలతలు 25 డిగ్రీల గదికి. మన ఎండాకాలానికి మార్చాల్సింది ఏమిటో చూద్దాం.

పర్‌సల్ఫేట్, టెమెడ్ కలిస్తే ఫ్రీ రాడికల్స్ పుడతాయి, ఒక్కో రాడికల్ దగ్గర ఒక్కో గొలుసు మొదలవుతుంది. వేడి ఎక్కువైతే ఒక్కసారిగా చాలా రాడికల్స్, చాలా గొలుసులు, కాబట్టి అన్నీ పొట్టి గొలుసులే. జెల్ గట్టిపడినట్టే కనిపిస్తుంది. ప్లేట్లు విడదీసి ఎత్తితే సాగకుండా చిరుగుతుంది. పైగా గట్టిపడటమే వేడి పుట్టించే చర్య కాబట్టి, వేడి గదిలో మొదలైతే తనను తాను ఇంకా తొందరపెట్టుకుంటుంది. రెండు ప్లేట్ల మధ్య 1.5 మిల్లీమీటర్ల స్పేసర్ వాడితే ఇది బాగా కనిపిస్తుంది, 0.75లో గాజు వేడిని లాగేస్తుంది.

నేను పెట్టుకునే గుర్తు ఒకటే: టెమెడ్ కలిపాక 15 నుంచి 20 నిమిషాల్లో కంటికి గట్టిపడినట్టు కనిపించాలి. అంతకంటే ముందే అయితే పర్‌సల్ఫేట్ 100 నుంచి 60, 70 మైక్రోలీటర్లకు తగ్గించండి, 50 కంటే కిందికి పోకండి. టెమెడ్ అలాగే ఉంచండి. పెంచి లాభం లేదు, అది క్షారం, ఎక్కువైతే పీహెచ్ కూడా మారుతుంది. మోతాదు తగ్గించడం కంటే ముందు చేయాల్సింది, ద్రావణాలను 22, 25 డిగ్రీలకు తేవడం. ఒక ట్రేలో కుళాయి నీళ్ళు పోసి రెండు ఐస్ ప్యాకులు వేసి బీకరును అందులో నిలబెడితే చాలు. చాలామంది మరిచేది గాజు ప్లేట్లను. ద్రావణం చల్లగా ఉన్నా, కిటికీ పక్కన పెట్టిన ప్లేట్లు కాలుతూ ఉంటాయి. వాటిని కూడా నీడన, చల్లని చోట ఉంచాలి.

ఇక్కడ ఎదురు తప్పు ఒకటి జరుగుతుంది. వేడికి భయపడి స్టాకులను ఫ్రిజ్ నుంచి తీసి అలాగే కలిపి, క్యాస్టింగ్ స్టాండును ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. 4 డిగ్రీల దగ్గర గట్టిపడిన జెల్ మసకగా, పెళుసుగా వస్తుంది, రంధ్రాలు పెద్దవవుతాయి. చల్లని ద్రావణంలో ఆక్సిజన్ కూడా ఎక్కువ కరిగి ఉంటుంది. ఆక్సిజన్ రాడికల్స్‌ను మింగేస్తుంది, కాబట్టి మొదట ఎంతసేపటికీ గట్టిపడదు, తరవాత సగం సగంగా గట్టిపడుతుంది. గాలి తీయడం, అంటే డీగ్యాస్, గది వేడికి వచ్చాకే చేయాలి. వాక్యూమ్ ఫ్లాస్కులో 10, 15 నిమిషాలు చాలు. ఎస్‌డీఎస్ ముందే వేస్తే నురుగు పొంగుతుంది, కాబట్టి నీళ్ళు, స్టాక్, ట్రిస్ మాత్రం వేసి గాలి తీసి, ఆ తరవాత ఎస్‌డీఎస్, పర్‌సల్ఫేట్, టెమెడ్ వేయాలి. టెమెడ్ వేశాక బీకరును నెమ్మదిగా తిప్పాలి. వోర్టెక్స్ పెడితే తీసిన గాలి మళ్ళీ ఎక్కించినట్టే.

పర్‌సల్ఫేట్ విషయంలో పిసినారితనం వద్దు. 100 మిల్లీగ్రాములు 1 మిల్లీలీటరు నీళ్ళలో ఆ రోజుకు ఆ రోజే కలపాలి. మంచి పొడి మీద నీళ్ళు పడగానే సన్నగా చిటపటమంటుంది. ట్యూబ్‌ను చెవి దగ్గర పెట్టుకుంటే వినిపిస్తుంది. చప్పుడు లేకపోతే పొడి తేమ పీల్చి చచ్చిపోయింది, కొత్త సీసా తెరవండి. చెన్నై వైపు నుంచి ముసురు పట్టే నవంబరులో మూత సరిగ్గా పెట్టని సీసా ఇలాగే పాడవుతుంది. జెల్ గట్టిపడకపోతే ముందు అనుమానించాల్సింది ఈ సీసానే. టెమెడ్ పసుపు రంగుకు తిరిగితే అది తరవాతి అనుమానం.

పోసిన వెంటనే మీద నీళ్ళతో తడిపిన బ్యుటనాల్ ఒక పలుచని పొరగా వదలాలి. గాలి తగలకుండా, పైఅంచు సమంగా ఉండేందుకు. ప్లాస్టిక్ ప్లేట్లు వాడేవాళ్ళు బ్యుటనాల్ బదులు నీళ్ళే వాడండి, కొన్ని రకాల ప్లాస్టిక్‌ను బ్యుటనాల్ మసకబారుస్తుంది. పొర కింద రెండో గీత పదునుగా కనిపిస్తే గట్టిపడటం మొదలైనట్టు. అక్కడితో పని అయిపోలేదు. కంటికి గట్టిగా కనిపించాక కూడా ముడులు పడుతూనే ఉంటాయి. పూర్తి కావడానికి గంటన్నర దాకా పడుతుంది. బీకరులో మిగిలింది గట్టిపడిందని పై జెల్ పోసేయకండి. బీకరులో ద్రావణం ఎక్కువ, వేడి నిలుస్తుంది, కాబట్టి ముందే గడ్డకడుతుంది. ప్లేట్ల మధ్య ఉన్నది ఇంకా వెనకే ఉంటుంది. పైఅంచు అలలుగా ఉంటే అందులోంచి పోయే ప్రతి బ్యాండూ అదే అలను మోసుకుపోతుంది.

కింది జెల్‌ను తడి టిష్యూ చుట్టి 4 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఉంచుకోవచ్చు. పై జెల్, అంటే స్టాకింగ్, మాత్రం ఆ రోజే పోయాలి. కింద పీహెచ్ 8.8, పైన 6.8. రాత్రంతా వదిలితే రెండూ ఒకదానిలోకి ఒకటి దిగిపోయి, ప్రొటీన్‌ను సన్నని గీతగా పోగుచేసే ఏర్పాటు పోతుంది. 5 మిల్లీలీటర్లకు: నీళ్ళు 3.4, స్టాక్ 0.83, 1 మోలార్ ట్రిస్ పీహెచ్ 6.8ది 0.63, 10 శాతం ఎస్‌డీఎస్ 0.05, పర్‌సల్ఫేట్ 0.05, టెమెడ్ 5 మైక్రోలీటర్లు. సగం జెల్‌కు టెమెడ్ ఎక్కువ ఎందుకంటే, పీహెచ్ తక్కువైతే టెమెడ్‌లో ఎక్కువ భాగం ప్రోటాన్ పట్టుకుని పనికి రాకుండా పోతుంది.

కోంబ్‌ను, అంటే శాంపిల్ పోసే గుంటలు (వెల్స్) ఏర్పరిచే దువ్వెనను, ఏటవాలుగా దింపాలి. పళ్ళ కింద బుడగ చిక్కితే ఆ ఆక్సిజన్ చుట్టూ జెల్ గట్టిపడదు, వెల్ అడుగు వంకరగా వస్తుంది. కోంబ్ తీసిన వెంటనే వెల్స్‌ను రన్నింగ్ బఫర్‌తో సిరంజి పెట్టి కడగాలి. వెల్స్‌లో మిగిలిన అక్రిలమైడ్ మెల్లగా గట్టిపడి, పది నిమిషాల తరవాత చూస్తే వెల్‌లో చిన్న తెర కడుతుంది. శాంపిల్ దాని మీద కూర్చుని పక్క వెల్‌లోకి ఒలుకుతుంది. చాలామంది దీన్ని లోడింగ్ తప్పు అనుకుంటారు.

రన్నింగ్ బఫర్ లీటరుకు ట్రిస్ 3.03 గ్రాములు, గ్లైసీన్ 14.4, ఎస్‌డీఎస్ 1 గ్రాము. పీహెచ్ దానంతటదే 8.3 దగ్గరికి వస్తుంది. రాకపోయినా హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సరిచేయకండి. జెల్‌లో క్లోరైడ్ ముందు పరుగెత్తాలి, పైనుంచి వచ్చే గ్లైసీన్ పీహెచ్ 6.8లో వెనకబడాలి, ఆ రెండింటి మధ్య ప్రొటీన్ నలిగి సన్నని గీత కావాలి. బఫర్‌లో కూడా క్లోరైడ్ పోస్తే వెనకా ముందూ ఒకటే అయి, బ్యాండ్లు లావుగా వస్తాయి. పీహెచ్ తేడా ఎక్కువ ఉందంటే తూకంలోనే తప్పు జరిగింది, పారబోసి మళ్ళీ కలపడం మేలు. నీళ్ళు డిస్టిల్డ్ లేదా మిల్లీక్యూ, బోరు నీళ్ళు కాదు.

శాంపిల్. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు చిత్తూరు జిల్లాలో పాలకంటే మంచి శాంపిల్ లేదు. ఏ ఊళ్ళోనైనా పొద్దున్నే దొరుకుతాయి, ఏ బ్యాండ్ ఎక్కడ రావాలో ముందే తెలుసు. పాలను సెంట్రిఫ్యూజ్‌లో 3000 జీ దగ్గర 15 నిమిషాలు, 4 డిగ్రీల్లో తిప్పితే వెన్న పైకి తేలుతుంది. ఆ పొరకు ఒక పక్క రంధ్రం చేసి కింది పాలు తీసుకోవాలి. 1 వంతు పాలకు 19 వంతుల నీళ్ళు కలిపి, దానికి సమానంగా 2ఎక్స్ (రెట్టింపు గాఢత ఉన్న) శాంపిల్ బఫర్ కలిపి, 95 డిగ్రీల్లో 5 నిమిషాలు ఉంచి, 10 మైక్రోలీటర్లు లోడ్ చేస్తే వెల్‌కు సుమారు 8 మైక్రోగ్రాముల ప్రొటీన్ పడుతుంది. 15 శాతం జెల్‌లో కేసీన్లు గుంపుగా, వాటి కింద బీటా లాక్టోగ్లోబ్యులిన్ 18.4 కిలోడాల్టన్ల దగ్గర, ఇంకా కింద ఆల్ఫా లాక్టాల్బుమిన్ 14.2 దగ్గర, పైన ఆల్బుమిన్ 66 దగ్గర రావాలి. కేసీన్లు అసలు సుమారు 19 నుంచి 25 కిలోడాల్టన్లవే అయినా జెల్‌లో అంతకంటే పైన ఆగుతాయి. అది మీ తప్పు కాదు, అవి ఎస్‌డీఎస్‌ను మిగతా ప్రొటీన్లలా పట్టుకోవు. లాక్టోగ్లోబ్యులిన్, లాక్టాల్బుమిన్ రెండూ కలిసిపోయి ఒకే మచ్చగా వస్తే మాత్రం రంధ్రాలు పెద్దవైపోయాయి. శాంపిల్‌ను కాకుండా పోతను చూడండి.

వేరుశనగ గింజల ప్రొటీన్ చేసేవాళ్ళు ముందు నూనె తీయాలి. పొడిని చల్లని ఎసిటోన్‌తో మూడుసార్లు కడిగి ఆరబెట్టి ఆపై బఫర్‌లో తీయాలి. నూనె మిగిలితే వెల్ నుంచి కింది దాకా చార పడుతుంది. వెటర్నరీ ల్యాబుల్లో కండరం ప్రొటీన్‌ను 0.6 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో తీసి నేరుగా శాంపిల్ బఫర్ కలుపుతారు. వెంటనే ట్యూబ్‌లో తెల్లగా విరిగినట్టు అవుతుంది. పొటాషియం డొడెసిల్ సల్ఫేట్ నీళ్ళలో కరగదు. ముందు సోడియం క్లోరైడ్‌లో డయాలసిస్ చేయాలి, లేదా ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లంతో ప్రొటీన్‌ను దించి, ఎసిటోన్‌తో కడిగి వాడాలి. సీరం అయితే కనీసం 50 రెట్లు పలుచన చేయండి. లీటరుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అందులో సగానికి పైగా ఆల్బుమిన్. పలుచన చేయకపోతే ఆ ఒక్క బ్యాండే పక్కవాటినన్నిటినీ నెట్టేస్తుంది.

రన్ గురించి రెండు మాటలు. స్టాకింగ్ దాటేదాకా 80 వోల్టులు, తరవాత 120. ఈ పద్ధతిలో రన్ సాగేకొద్దీ జెల్ నిరోధం పెరుగుతుంది. కరెంటు స్థిరంగా పెడితే వోల్టేజి పెరిగి వేడి ఎక్కువవుతూ పోతుంది, వోల్టేజి స్థిరంగా పెడితే వేడి తగ్గుతూ పోతుంది. ఎండాకాలం స్థిర వోల్టేజి మేలు. మధ్య లేన్లు (ఒక్కో వెల్ కింద శాంపిల్ పోయే దారులు) ముందు పరుగెత్తి బ్యాండ్లు అంచుల దగ్గర పైకి వంగితే మధ్యలో వేడెక్కిందని అర్థం. బఫర్‌ను ముందుగా ఫ్రిజ్‌లో పెట్టి వాడండి, కానీ ఎస్‌డీఎస్ గింజ కట్టేంత చల్లగా వద్దు. రన్ మధ్యలో కరెంటు పోతే ప్రొటీన్ అక్కడే ఆగి పక్కకు పాకుతుంది, చిన్నవి త్వరగా పాకుతాయి. పది నిమిషాల్లో వస్తే కొనసాగించండి. గంట దాటితే 20 కిలోడాల్టన్ల కిందవాటి బ్యాండ్ల వెడల్పు నమ్మకండి. పవర్ ప్యాక్‌ను యూపీఎస్‌కు పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి, మినీ జెల్ తీసుకునే కరెంటు చాలా తక్కువ.

సిల్వర్ స్టెయిన్ (బ్యాండ్లు కనిపించేలా వెండితో రంగు ఎక్కించడం) చేసేవాళ్ళకు ఖాళీ లేన్లలో కూడా 55, 65 కిలోడాల్టన్ల మధ్య అడ్డంగా సన్నని గీతలు కనిపిస్తాయి. అవి కెరాటిన్, మన చర్మం, జుట్టు, దుమ్ము. ఫ్యాను కింద శాంపిల్ కలిపితే ఇంకా ఎక్కువ.

అగరోజ్‌కు వేడి వేరే రకంగా తగులుతుంది. మామూలు అగరోజ్ 36 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గది 39 ఉంటే అది గడ్డకట్టదు, కట్టినట్టు కనిపించినా కోంబ్ తీస్తే వెల్స్ చిరుగుతాయి. లో మెల్టింగ్ అగరోజ్ 30లోపు గానీ కట్టదు, దాన్ని ఫ్రిజ్‌లోనే పోయాలి. ఇక్కడ ఫ్రిజ్ తప్పు కాదు, అగరోజ్‌లో రసాయన చర్య ఏమీ లేదు, చల్లబడటమే పోత. మైక్రోవేవ్‌లో మరిగించే ముందు ఫ్లాస్కును తూచి, మరిగాక తగ్గినంత బరువు వేడి నీళ్ళు పోయాలి. ఎండాకాలం ఆవిరి ఎక్కువ, 1 శాతం అనుకున్నది తెలియకుండానే 1.2 అవుతుంది. 60 డిగ్రీలకు చల్లారాక ట్రేలో పోయాలి, మరుగుతున్నది పోస్తే ట్రే వంగుతుంది. ఎలక్ట్రోడ్ల మధ్య సెంటీమీటరుకు 5 వోల్టులు. సీరం ప్రొటీన్లకు అగరోజ్ వాడితే డబ్బా మీద ఈఈఓ (ఎలక్ట్రో ఎండాస్మోసిస్) అంకె చూడండి. అగరోజ్‌లో మిగిలిన సల్ఫేట్ల వల్ల నీళ్ళు క్యాథోడ్ వైపు పారతాయి, ఆ ప్రవాహమే గామా గ్లోబ్యులిన్లను శాంపిల్ పెట్టిన చోటు నుంచి వెనక్కి తోస్తుంది. అంకె మారితే పాత పట్టీతో పోల్చడానికి వీల్లేదు.

హిమోగ్లోబిన్ పరీక్షకు సెల్యులోజ్ ఎసిటేట్ పొర, పీహెచ్ 8.4 నుంచి 8.6 ఉన్న ట్రిస్, ఈడీటీఏ, బోరేట్ బఫర్. పొరను బఫర్‌లో ముంచేటప్పుడు ఒక అంచు నుంచి మెల్లగా దించాలి. ఒక్కసారిగా పడేస్తే రంధ్రాల్లో గాలి చిక్కి తెల్ల మచ్చలు మిగులుతాయి, ఆ మచ్చ దాటి హిమోగ్లోబిన్ పోదు, పక్కనుంచి తిరిగి పోతుంది. మచ్చ పడ్డ పొరను మళ్ళీ ముంచినా లాభం తక్కువ, కొత్తది తీసుకోండి. రెండు ఫిల్టర్ పేపర్ల మధ్య ఒకసారి అద్ది, మెరుపు పోయీ పోకముందే శాంపిల్ పెట్టాలి. ఎండాకాలం ఫ్యాను కింద ఈ వ్యవధి కొన్ని సెకన్లే, కాబట్టి అప్లికేటర్ ముందే నింపి ఉంచుకోండి. క్యాథోడ్ వైపు నుంచి హిమోగ్లోబిన్ రకాల వరస: ఏ2 దగ్గరే సీ, ఈ కూడా, తరవాత ఎస్, దానితోపాటే డీ, తరవాత ఎఫ్, చివర ఏ. ఈ పీహెచ్‌లో ఎస్‌కు, డీకి తేడా తెలియదు, రెండింటి ఛార్జీ ఒకటే, ఈ పొరకు సైజు తెలియదు. ఎస్ చోట బ్యాండ్ వస్తే ఆమ్ల పీహెచ్ దగ్గర సిట్రేట్ అగర్ మీద, లేదా హెచ్‌పీఎల్‌సీలో (ద్రవాన్ని ఒత్తిడితో కాలమ్ గుండా పంపి విడదీసే పద్ధతి) చూడకుండా రిపోర్టు ఇవ్వకూడదు. ఏ2 శాతం 3.5 దగ్గర ఊగుతున్నప్పుడు కూడా పొర మీద స్కాన్ చేసిన అంకెను నమ్మి తలసీమియా వాహకులని చెప్పడం మంచిది కాదు.

ఇక మిగిలిన ద్రావణం. అక్రిలమైడ్ ద్రావణాన్ని సింకులో పోయకండి. మిగిలినదాంట్లో కాస్త ఎక్కువ పర్‌సల్ఫేట్, టెమెడ్ వేసి గట్టిపడనిచ్చి, ల్యాబ్ రసాయన వ్యర్థాల డబ్బాలో వేయాలి. గట్టిపడిన జెల్‌లో కూడా ముడిపడని అక్రిలమైడ్ కొంత మిగులుతుంది, కాబట్టి ఒట్టి చేత్తో ఎత్తొద్దు. 50 మిల్లీలీటర్ల ట్యూబ్‌లో ఇలా చేస్తుంటే మూత బిగించకండి. అంత మోతాదు గట్టిపడేటప్పుడు వేడెక్కి, లోపల ఆవిరి పట్టి మూత ఎగిరే ప్రమాదం ఉంది. వదులుగా పెట్టి, హుడ్‌లో ట్రే మీద ఉంచి, చల్లారాక మూయండి.